కస్టమర్ కాదు, బిజినెస్ అన్నారు: నా అనుభవం

మాది తిరుపతి. కొర్లగుంటలో మా ఇంటి ముందు గదే నా టైలరింగ్ షాపు. పద్దెనిమిదేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. మా ఆయన ఆటో నడుపుతారు. హుక్కులకీ, హెమ్మింగుకీ మా వీధిలో డిగ్రీ చదివే అమ్మాయి ఒకతి మధ్యాహ్నం నుంచి వచ్చి సాయం చేస్తుంది. ఇంతే మా వ్యాపారం. నాకు మిషన్ అమ్మిన షోరూమాయన దీన్నే కాగితం మీద "వాణిజ్య సంస్థ" అని రాశాడు. ఆ ఒక్క మాట తప్పని తేల్చుకోవడానికి నాకు ఏడాది పైనే పట్టింది. కుట్టుమిషన్ పెట్టుకున్నవాళ్ళు, జిరాక్స్ పెట్టుకున్నవాళ్ళు, పిండిమర పెట్టుకున్నవాళ్ళు, ఇలా సొంత చేతుల మీద బతికేవాళ్ళు చాలామంది ఆ మాట వినగానే "మనకి వినియోగదారుల చట్టం వర్తించదేమోలే" అని వెనక్కి వచ్చేస్తారు. నేనూ దాదాపు వచ్చేశాను. అందుకే ఇదంతా రాస్తున్నాను.

కొన్నేళ్ళుగా "కంప్యూటర్ వర్క్ చేస్తావా అక్కా?" అని అడగని గిరాకీ లేదు. మగ్గం వర్క్ బయట ఇప్పిస్తే రోజులు పడుతుంది, నాకు మిగిలేదీ తక్కువే. ఆలోచించి ఆలోచించి 2024 సంక్రాంతి అయ్యాక చెన్నై వెళ్ళి ఒక షోరూములో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ కొన్నాను. 2,60,000 రూపాయలు. అందులో లక్ష చీటీ పాడిన డబ్బు, మిగతాది బ్యాంకు లోను. లోను కోసం ఉద్యం సర్టిఫికెట్, అంటే చిన్న వ్యాపారమని నమోదు చేసుకున్న కాగితం, తెమ్మంటే నెట్ సెంటర్‌లో చేయించుకుని ఇచ్చాను. ఆ కాగితం తర్వాత నా మీదికే తిరిగింది.

మిషన్‌తో పాటు ఇంటికొచ్చి బిగించి నేర్పిస్తామన్నారు, ఏడాది ఉచిత సర్వీసు అన్నారు. డిజైన్ల యాప్ కూడా ఏడాది ఉచితం అన్నారు. యాప్‌లో డిజైన్ ఎంచుకుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి మిషన్‌కి పెడితే చాలు, అదే కుట్టేస్తుంది. "ఇదంతా బిల్లు మీద రాసివ్వండి" అన్నాను. "నమ్మకం లేదా మా?" అంటూనే పెన్నుతో రెండు లైన్లు రాశాడు. ఆ రెండు లైన్లు లేకపోతే నా కేసు సగం నిలిచేది కాదు. అదే బిల్లు కింద చిన్న అక్షరాలతో ఇంగ్లీషులో ఇంకో రెండు లైన్లు అచ్చయి ఉన్నాయి. అమ్మిన సరుకు వాపసు తీసుకోరనీ, ఏ గొడవైనా చెన్నై కోర్టుల్లోనే తేల్చుకోవాలనీ. అప్పుడు వాటిని పట్టించుకోలేదు.

మూడో వారం నుంచి మొదలైంది. నెమలి డిజైన్ ఉందనుకోండి. ముందు లోపలి పచ్చరంగు నిండుగా కుట్టి, తర్వాత చుట్టూ జరీ గీత వేస్తుంది. ఆ గీత రంగు అంచు మీదే కూర్చోవాలి. నా మిషన్‌లో మెడ దగ్గర బాగానే మొదలై, తోక దగ్గరికొచ్చేసరికి బియ్యపుగింజంత పక్కకి జరిగేది. మధ్యలో బట్ట బయటపడేది. జరీ దారం ఐదు నిమిషాలకోసారి తెగేది. తెగినచోట సూది అదే చోట గుచ్చీ గుచ్చీ బట్టకి చిల్లు పెట్టేది. నేను ఫ్రేము బిగించడం తప్పేమో అనుకున్నాను, దారం మార్చాను, కింద వేసే పేపర్ మార్చాను. ఏం చేసినా అంతే.

ఫిబ్రవరిలో ఒక పెళ్ళికూతురి జాకెట్టు పాడైంది. ఎర్ర పట్టు ముక్క, వీపు మీద సరిగ్గా నడిమధ్య చిల్లు. కొత్త ముక్క నేనే కొనిచ్చి, చేత్తో కుట్టిచ్చాను. ఆ అమ్మాయి ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తుంది. నన్ను ఒక్క మాట అనలేదు. "అక్కా, మా దగ్గర 2015 చట్టంలో వస్తువులకీ, సర్వీసులకీ, డిజిటల్ కంటెంట్‌కీ విడివిడిగా అధ్యాయాలు ఉన్నాయి. కొన్న వస్తువు బాగాలేకపోతే 30 రోజుల్లోపు తిరిగిచ్చేసి మొత్తం డబ్బు తీసుకుంటాం. ఇక్కడా ఏదో ఒకటి ఉంటుంది, కనుక్కో" అంది. ఆమె పెళ్ళి హడావిడిలో ఉండి కూడా నా గురించి ఆలోచించింది. ఆ మాట పట్టుకునే కదిలాను.

షోరూమువాళ్ళ టెక్నీషియన్ మొత్తం నాలుగుసార్లు వచ్చాడు. మొదటిసారి ఏవో బిగించి, చిన్న పువ్వు ఒకటి కుట్టించి, "అయిపోయిందక్కా, ఇక్కడ సంతకం పెట్టు" అన్నాడు. పెట్టేశాను. చేసిన పని రాసే ఆ జాబ్ కార్డు మీద సమస్య తీరిందని, కస్టమర్ తృప్తి చెందారని ఇంగ్లీషులో ఉంది. అతను వెళ్ళిన గంటకే నెమలి మళ్ళీ జరిగింది. ఆ సంతకం నన్ను చాలా రోజులు బాధపెట్టింది. రెండోసారి నుంచి జాబ్ కార్డు మీద నేనే తెలుగులో రాసేదాన్ని: "చిన్న పువ్వు మాత్రమే కుట్టి చూపించారు. పెద్ద డిజైన్ పరీక్షించలేదు. సమస్య తీరలేదు." తేదీ, టైము వేసి అప్పుడు సంతకం. అతనికి నచ్చలేదు, కానీ ఏం చేయలేకపోయాడు.

ఇంకో పని కూడా మొదలుపెట్టాను. పాడైన ప్రతి ముక్కనీ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో పేజీకి ఒకటి చొప్పున గుండుసూదితో గుచ్చి, కింద తేదీ, డిజైన్ పేరు, ఎన్నో నిమిషంలో దారం తెగింది రాసేదాన్ని. ఫోన్‌లో వీడియో కూడా తీసేదాన్ని. మే నెలలో గంగమ్మ జాతర వచ్చేసరికి ఆ పుస్తకంలో 23 ముక్కలయ్యాయి. పుస్తకం మూస్తే మూతపడేది కాదు.

ఇక యాప్ సంగతి. బిల్లులో ఏడాది ఉచితం అని ఉందా, రెండో నెలలోనే ఖాతాలోంచి 799 రూపాయలు పోయాయి. మొదట యాప్ పెట్టుకునేటప్పుడు ఖాతా సరిచూడటానికి ఒక రూపాయి కట్టమంటే కట్టాను. అది ఆటోపేకి, అంటే నెలనెలా డబ్బు దానంతటదే తీసుకోవడానికి, నేనిచ్చిన అనుమతి అట. ఎక్కడా పెద్దగా రాయలేదు. యాప్‌లో ఎంత వెతికినా రద్దు చేసే బటన్ కనపడలేదు. మూడు నెలల్లో మూడుసార్లు, మొత్తం 2,397 రూపాయలు పోయాక, మా హెమ్మింగ్ అమ్మాయి నా యూపీఐ యాప్‌లోనే ఆటోపే అనే చోటికి వెళ్ళి దాన్ని ఆపేసింది. ఇది అందరూ ఒకసారి చూసుకోండి, డబ్బు తీసుకునే యాప్‌లో దారి దొరక్కపోయినా మన యూపీఐ యాప్‌లో దొరుకుతుంది. ఆపేసిన మర్నాడే డిజైన్లన్నీ తాళం పడిపోయాయి. ఆ యాప్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాం. ఆన్‌లైన్ అమ్మకాలకి 2020లో వచ్చిన రూల్స్ ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మాకు వచ్చింది కంప్యూటర్ దానంతటదే పంపే జవాబు ఒకటే, ఆ తర్వాత ఏమీ లేదు.

ఏప్రిల్‌లో 1915కి ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. తెలుగులోనే మాట్లాడారు, ఓపిగ్గా విన్నారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. వాళ్ళు మన తరఫున కంపెనీకి పంపి జవాబు రాబడతారు, అంతేగానీ కట్టమని ఆర్డరు వేసే అధికారం వాళ్ళకి లేదు. చాలామందికి అక్కడే పని అయిపోతుందట. నా విషయంలో షోరూము నుంచి ఒక జవాబు వచ్చింది: కొన్నది వ్యాపారానికి కాబట్టి ఈమె వినియోగదారు కాదు, పైగా వాడటం రాక పాడుచేసుకుంది.

నేనే షోరూముకి ఫోన్ చేశాను. ఓనరు తెలుగాయనే. "ఏం మా, నీకెంత చెప్పినా అర్థం కాదా? నువ్వు కస్టమర్‌వి కాదు, బిజినెస్. కన్స్యూమర్ కోర్టు నీకు వర్తించదు. కేసు వెయ్యాలంటే చెన్నైకొచ్చి సివిల్ కోర్టులో వేసుకో" అని పెట్టేశాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లోను వాయిదా నెలనెలా కట్టుకుంటున్నాం, మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. మా ఆయన "పోనీలే, స్క్రాపుకి ఎంతొస్తే అంత" అన్నారు.

మా వీధి చివర కోర్టులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన సార్ ఒకరున్నారు. వాళ్ళావిడ జాకెట్లు నేనే కుడతాను. మర్నాడు బిల్లు, జాబ్ కార్డులు, ముక్కల పుస్తకం పట్టుకెళ్ళి ముందు పెట్టాను. ఆయన పుస్తకం పేజీ పేజీ తిప్పి చూశారు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, "ఈ మిషన్ మీద కూర్చునేది ఎవరమ్మా?"

"నేనే సార్."

"దీని మీద వచ్చేది ఇంటి ఖర్చుకేనా?"

"ఇంకెక్కడికి పోతుంది సార్, లోను, పిల్లల ఫీజులు."

"అయితే నువ్వు వినియోగదారువే" అన్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తీసి సెక్షన్ 2(7) కింద ఉన్న వివరణ చదివి తెలుగులో చెప్పారు. వాణిజ్య ప్రయోజనానికి కొన్నవాళ్ళు వినియోగదారులు కారు, నిజమే. కానీ కేవలం బతుకుతెరువు కోసం, స్వయం ఉపాధి కోసం కొని తానే వాడుకుంటే అది వాణిజ్య ప్రయోజనం కిందికి రాదు. ఇది కొత్త మాట కూడా కాదట. 1995లోనే సుప్రీంకోర్టు లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో ఉదాహరణలతో సహా చెప్పిందట. లేత్ మిషన్ కొని తానే నడుపుకునేవాడు వినియోగదారే. ఆటో కొని తానే తోలుకుని బతికేవాడు వినియోగదారే. సాయానికి ఒకరిద్దర్ని పెట్టుకున్నా ఆ హోదా పోదు.

ఆటో మాట వినగానే నాకు కళ్ళు చెమర్చాయి. అంత పెద్ద కోర్టు రాసిన తీర్పులో మా ఇంటాయన పని ఉంది. సాయానికి వచ్చే అమ్మాయి కూడా ఉంది. మా ఇంటిని చూసి రాసినట్టే అనిపించింది.

చెన్నై భయం కూడా ఆయనే తీర్చారు. 1986 నాటి పాత చట్టంలో ఎదుటివాళ్ళు ఉన్నచోటో, వ్యవహారం జరిగినచోటో వెయ్యాల్సి వచ్చేది. 2020 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో మనం ఉండే ఊళ్ళో, పని చేసుకునే ఊళ్ళో కూడా వెయ్యొచ్చు. షోరూము చెన్నైలో, యాప్ కంపెనీ బెంగళూరులో ఉన్నా కేసు తిరుపతిలోనే. "వాపసు తీసుకోబడదు అని అచ్చేసుకుంటే సరిపోదమ్మా. లోపమున్న వస్తువు వెనక్కి తీసుకుని, బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో డబ్బు ఇవ్వనంటే దాన్నే చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది" అన్నారు. యాప్ రూపాయి సంగతి చెబితే, 2023 నవంబరు 30న కేంద్ర ప్రభుత్వం 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లని, అంటే ఆన్‌లైన్‌లో మనల్ని మభ్యపెట్టే ఎత్తుల్ని, ప్రకటించిందనీ, చేరడం సులువు చేసి బయటికొచ్చే దారి మూసేసే చందా ఉచ్చు అందులో ఒకటనీ చెప్పారు.

మేలో షోరూముకీ, తయారీ కంపెనీకీ, యాప్ కంపెనీకీ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసులు పంపాం. నోటీసు తప్పనిసరి కాదు. కానీ మనం ముందే అడిగామని చూపించడానికి పనికొస్తుంది. అందినట్టు వచ్చిన కార్డులు దాచాను. షోరూము లాయరు జవాబులో అదే పాట. మిగతా ఇద్దరూ పలకలేదు.

జూలైలో కేసు వేశాను. లాయర్ని పెట్టలేదు, పెట్టాలని చట్టం అడగదు కూడా. నేను తెలుగులో రాసుకున్నది సార్ ఇంగ్లీషులో టైపు చేయించారు. ఏ రోజు ఏం జరిగిందో తేదీల వారీగా, ఏం కావాలో చివర్లో. అఫిడవిట్ నోటరీ చేయించి, కాగితాలకి నంబర్లు వేసి, ప్రతివాదులకి తలా ఒక సెట్టు జిరాక్సులు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, అంటే మనం కన్స్యూమర్ కోర్టు అనేదాంట్లో, 50 లక్షల దాకా వెయ్యొచ్చు. మనం చెల్లించిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు ఒక్క రూపాయి కూడా లేదు. నాకు అయిందల్లా టైపు, నోటరీ, జిరాక్స్, పోస్టు కలిపి రెండు వేల లోపు. సంఘటన జరిగిన రెండేళ్ళలోపు వెయ్యాలి, అది మాత్రం మర్చిపోకూడదు.

నోటీసు అందాక ఎదుటివాళ్ళకి జవాబు వెయ్యడానికి 30 రోజులు, అడిగితే ఇంకో 15. ఆ 45 దాటితే ఇక లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. షోరూమువాళ్ళు 40వ రోజు వేశారు. తయారీ కంపెనీ రానే లేదు, వాళ్ళని ఎక్స్‌పార్టీ చేశారు, అంటే వాళ్ళు లేకుండానే కేసు నడిపారు. తర్వాత వాయిదాల మీద వాయిదాలు, దాదాపు అన్నీ ఎదుటి లాయరు అడిగినవే. ఒక వాయిదాకి నేను వెళ్తే ఆ పూట షాపు మూత. అది కష్టమే. కానీ ఒక్కటి కూడా తప్పలేదు.

వాదనల రోజు వాళ్ళ లాయరు నా ఉద్యం సర్టిఫికెట్ చేత్తో పైకి పట్టుకున్నారు. ఇందులో మైక్రో ఎంటర్‌ప్రైజ్ అని ఉంది, ఈవిడే ఒప్పుకున్న వ్యాపారం, దగ్గర పనిమనిషి కూడా ఉంది అన్నారు. నా వంతు వచ్చింది. నోరు ఎండిపోయింది. కమిషన్ అధ్యక్షులు నా వైపు తిరిగి తెలుగులో అడిగారు, "మీకు ఒంట్లో బాగాలేని రోజు ఈ మిషన్ ఎవరు నడుపుతారమ్మా?"

"ఎవరూ నడపరు సార్. ఆగిపోతుంది. ఆ రోజుకి డబ్బులుండవు."

ఉద్యం లోను కోసం తీసుకున్నాననీ, సాయానికి వచ్చేది హుక్కులు కుట్టే అమ్మాయి ఒక్కతేననీ చెప్పి, 1995 తీర్పులో సార్ గీత గీసిచ్చిన పేజీ ఇచ్చాను. ముక్కల పుస్తకం అడిగారు. సభ్యురాలైన మేడమ్ ఒక పేజీ దగ్గర ఆగి, ఆ జరీ గీత మీద వేలు పెట్టి తోక దాకా పోనిచ్చారు. పక్కాయనకి ఇచ్చారు. పుస్తకం బెంచీ మీద ఆ చివర నుంచి ఈ చివరికి వచ్చింది. వాడటం రాక పాడుచేసింది అన్న మాటకి ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా ఇలాంటి మిషన్లు బాగుచేసే మెకానిక్ రాసిచ్చిన అఫిడవిట్ ఉంది. ఫ్రేము కదిలే భాగంలోనే లోపమనీ, కుట్టేవాళ్ళ వల్ల వచ్చేది కాదనీ ఆయన రాశాడు.

2025 జూలైలో ఆర్డరు వచ్చింది. స్వయం ఉపాధికే కొన్నది, ఫిర్యాది వినియోగదారే. ఆ వాక్యం నేను చాలాసార్లు చదివించుకున్నాను. మిషన్ తీసుకుని 2,60,000 రూపాయలు 9 శాతం వడ్డీతో షోరూము, తయారీ కంపెనీ కలిసి ఇవ్వాలి, పరిహారం 25,000, ఖర్చులకి 5,000. యాప్ కంపెనీ 2,397 తిరిగిచ్చి, పరిహారంగా 3,000 కట్టాలి. గడువు 45 రోజులు. పోయిన ఆర్డర్లకి నేనడిగిన 90,000 మాత్రం ఇవ్వలేదు. అందుకు ఆధారం చూపలేదన్నారు. అది నిజమే. ఎవరి జాకెట్లు ఎన్ని, ఎంతకి అన్నది నేను క్యాలెండరు మీద రాసుకుని నెల తిరగ్గానే చించేసేదాన్ని. ఇప్పుడు డూప్లికేట్ ఉన్న బిల్లు పుస్తకం పెట్టాను.

యాప్ కంపెనీ డబ్బు వెంటనే వేసింది. షోరూము 45 రోజులూ కదల్లేదు. అప్పీలుకి వెళ్ళాలంటే సగం డబ్బు ముందు కట్టాలి, అందుకని అదీ చెయ్యలేదు. నేను అమలు పిటిషన్ వేశాను. ఆర్డరు పాటించకపోతే నెలకి తగ్గకుండా మూడేళ్ళ దాకా జైలు, లేదా 25,000 నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఆ నోటీసు చేరిన పదిహేను రోజులకి లాయరు కమిషన్‌కి డీడీ తెచ్చిచ్చారు. పిటిషన్‌లో డీడీ నంబరు రాసుకుని నాకు ఇచ్చారు.

తర్వాతి ఆదివారం చెన్నై నుంచి చిన్న లారీలో ఇద్దరొచ్చారు మిషన్ తీసుకెళ్ళడానికి. ఎక్కించాక డ్రైవరు ఒక కాగితం, పెన్ను ఇచ్చాడు. "సంతకం పెట్టండి మా, లేటవుతుంది, రోడ్డంతా ట్రాఫిక్." ఇంగ్లీషులో ఉంది. మా హెమ్మింగ్ అమ్మాయిని పిలిచి గట్టిగా చదవమన్నాను. కస్టమర్ వాడకంలో దెబ్బతిన్న స్థితిలో మిషన్ అందింది అని ఉంది. ఆ లైను కొట్టేశాను. కింద తెలుగులో రాశాను: "కమిషన్ ఆర్డరు ప్రకారం మిషన్ అప్పగించాను. బయట ఎక్కడా దెబ్బ లేదు. ఎక్కించేటప్పుడు ఫోటోలు తీశాను." తేదీ, టైము వేసి సంతకం పెట్టి, జిరాక్స్ తీయించుకునేదాకా కూర్చోమన్నాను. డ్రైవరు ఓనరుకి ఫోన్ చేసి తమిళంలో కాసేపు మాట్లాడాడు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని లారీ ఎక్కాడు.